ఆ పెద్ద తెల్ల మాత్ర ఆపమనడానికి మీరెవరు?

"హెచ్ఐవీ మందులు వాడుతున్నారు కదా, ఆ పెద్ద తెల్ల మాత్ర ఇక మానేయండి, కిడ్నీలు పోతాయి" అని పొద్దున్నుంచీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. రాసిన పెద్దమనిషికి ఆ మాత్ర దేనికో తెలుసా అసలు? అది కోట్రైమాక్సజోల్. రెండు మందులు 160, 800 మి.గ్రా. చొప్పున కలిసిన డబుల్ స్ట్రెంగ్త్ మాత్ర, రోజుకొకటి. అది ఆపేది న్యుమోనియా ఒక్కదాన్నే కాదు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని కూడా. ఎప్పుడు మానాలో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) చూసి ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) వాళ్లు చెప్పాలి, ఫార్వర్డ్ మెసేజ్ కాదు.

ఈ పరాన్నజీవి ఎప్పుడో ఒంట్లో చేరి, మెదడులో, కండరాల్లో తిత్తులు కట్టుకుని ఏళ్ల తరబడి కిమ్మనకుండా పడి ఉంటుంది. సీడీ4 100 కిందికి పడిందా, లేస్తుంది. ఎక్కువగా మెదడు మీదే పడుతుంది. అరుదుగా వెన్నుపాములో దిగుతుంది. నడుం నొప్పి, కాళ్లు మొద్దుబారడం, కొద్ది రోజులకే అడుగు తడబడటం, ఆపైన మూత్రం బిగుసుకుపోవడం. పొత్తికడుపు రాయిలా ఉబ్బి ఉంటుంది, చుక్క రాదు. అలాంటి మనిషికి కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేయకుండా "నరాల బలహీనత" అని బీ12 ఇంజక్షన్ పొడిచి ఇంటికి పంపేస్తారు. కడుపు మండిపోతుంది!

ఎంఆర్ఐ రాసినా నడుం వరకే రాస్తారు. మచ్చ ఛాతీ వెనక వెన్నుపాములో ఉంటే అందులో ఎలా కనబడుతుంది? వెన్ను మొత్తం, మెదడుతో సహా, కాంట్రాస్ట్ (మచ్చ మెరిసేలా చేసే మందు) ఇచ్చి తీయాలి. అంచు ఉంగరంలా మెరిసే మచ్చ మెదడులోనూ ఉంటే అనుమానం బలపడుతుంది. టీబీ, లింఫోమా (ఒక రకం క్యాన్సర్) కూడా అలా కనిపించొచ్చు కాబట్టి రక్తంలో టాక్సో ఐజీజీ (ఆ పరాన్నజీవి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీ) చూడాలి. వెన్నునీటి పీసీఆర్ (పరాన్నజీవి జన్యుపదార్థం వెతికే పరీక్ష) నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. అవసరం ఉందో లేదో చూడకుండానే స్టెరాయిడ్ ఎక్కిస్తే వాపు తగ్గి మనిషి తేరుకున్నట్టుంటాడు. లింఫోమా కూడా స్టెరాయిడ్‌కు తగ్గుతుంది. ఇక తేరుకున్నది టాక్సో మందుకా, స్టెరాయిడ్‌కా ఎవరు తేలుస్తారు?

అన్నిటికంటే పాత కోపం ఫోలిక్ యాసిడ్ మీద. టాక్సోకు చికిత్స పైరిమెథమైన్ మొదటి రోజు 200 మి.గ్రా., తర్వాత బరువును బట్టి రోజుకు 50 లేదా 75. తోడుగా సల్ఫాడయజీన్, కనీసం 6 వారాలు. పైరిమెథమైన్ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది కాబట్టి దాన్ని కాపాడటానికి ల్యూకోవోరిన్ (ఫోలినిక్ యాసిడ్) ఇస్తారు. "రెండూ ఒకటే" అంటూ షాపులో ఫోలిక్ యాసిడ్ చేతిలో పెడతారు. ఒకటి కాదు! ఫోలిక్ యాసిడ్ పరాన్నజీవికి అక్కరకొచ్చి మందు పనిని దెబ్బతీయొచ్చు, ల్యూకోవోరిన్‌తో ఆ బెడద లేదు. చీటీలో ల్యూకోవోరిన్ అని ఉంటే, డబ్బు కట్టే ముందు స్ట్రిప్ మీద పేరు చదవండి. వేరేది ఇస్తే తీసుకోకండి.