నీళ్ల నుంచి వేరు చేయడమే అసలు కష్టం
పాచి ఎక్కడైనా ఊరికే పెరుగుతుంది కాబట్టి దానిలోని నూనెతో డీజిల్ చౌకగా వస్తుందని మీరు వేసిన వ్యాసంలో రాశారు. పెరగడం వరకు నిజమే, ఎండాకాలం మా హన్మకొండ వైపు ఏ కుంట చూసినా పచ్చగానే ఉంటుంది. కష్టమంతా దాన్ని నీళ్ల నుంచి తీయడంలోనే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు క్లోరెల్లా అనే పాచి పెంచాను. కణం సైజు కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), బట్టలో వడకడితే నీళ్లతో పాటే జారిపోయేది. రోజుల తరబడి అడుగుకు దిగనిచ్చి స్టీలు పళ్లెంలో ఆరబెడితే, బకెట్ నీళ్లకు బ్లేడుతో గీకేంత పొర మిగిలింది. అందులో నూనె ఇంకెంత? అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా పాచి డీజిల్ మీద పరిశోధన చేయించి ఆపేసింది. పరిశోధన వద్దని నేననను. లీటరు నూనెకు ఎంత నీరు, ఎంత కరెంటు పట్టిందో కూడా రాయండి.