పిల్లల చేతికి మైకు ఇచ్చాం సరే, నిర్ణయం ఇచ్చామా?

బడిలో ఎన్నికల రోజు సందడే వేరు. చేతిరాత పోస్టర్లు, మైకు ముందు వణికే గొంతులు, అట్టపెట్టెతో చేసిన బ్యాలెట్ బాక్సు. సాయంత్రానికి లెక్కింపు, చప్పట్లు. మర్నాటి నుంచి గెలిచినవాళ్లకు పనేమీ ఉండదు. చిన్నప్పుడు నేనూ ఒకసారి అలా గెలిచాను. నాకు దక్కిన అధికారమల్లా ఒక సుద్దముక్క. టీచర్ లేనప్పుడు ఎవరు మాట్లాడితే వాళ్ల పేరు బోర్డు మీద రాయాలి. ఓటేసినవాళ్ల తరఫున మాట్లాడాల్సింది పోయి, వాళ్లు మాట్లాడుతున్నారని ఫిర్యాదు చేసే ఉద్యోగం అన్నమాట.

ఇలాంటి ఎన్నికల వల్ల పిల్లలు ఏమీ నేర్చుకోరని అనలేం. ఓటు ఒక వేడుక, అసలు నిర్ణయాలు జరిగేది స్టాఫ్ రూములో అని బాగానే నేర్చుకుంటారు. పెద్దయ్యాక వాళ్లలో కొందరు ‘ఓటేసి ఏం లాభం’ అంటే ఆశ్చర్యపోవడం ఎందుకు?

పిల్లల భాగస్వామ్యం గురించి పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం ఒక వ్యాసం రాశారు. అందులో 8 మెట్ల నిచ్చెన ఒకటి గీశారు. కింది 3 మెట్లను ఆయన భాగస్వామ్యంగానే లెక్కపెట్టలేదు: పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా పిలవడం. ఏదో ఒక నినాదమున్న టీషర్టులు తొడిగి, విషయమేమిటో చెప్పకుండానే స్టేజీ మీద పాట పాడించడం రెండో మెట్టు కిందికి వస్తుంది. ప్లకార్డులు పట్టించి నడిపించే ర్యాలీల్లో చాలావరకు అక్కడే ఆగిపోతాయని నా అనుమానం.

మరి పై మెట్లు ఎలా ఉంటాయి? ఒక తొమ్మిదో తరగతిని ఊహించుకుందాం. బడి గేటు ముందు రోడ్డు దాటడం చిన్నపిల్లలకు గండంగా ఉంది. టీచర్ వ్యాసం రాయమనలేదు, లెక్కపెట్టమన్నారు. ఉదయం అరగంట, బడి వదిలాక అరగంట, వారం రోజులు. ఎన్ని బండ్లు పోతున్నాయి, ఒకటో తరగతి పిల్లాడు దాటడానికి ఎంతసేపు ఆగాల్సి వస్తోంది? నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. మూడో రోజుకే ఒకమ్మాయి అడుగుతుంది: ‘ఇంతకీ ఈ రోడ్డు ఎవరిది?’

పౌరశాస్త్రం అసలు మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. రోడ్డు ఒక శాఖది, పక్కన వీధిలైటు ఇంకొకరిది, బండ్ల వేగం మీద అధికారం మూడో వాళ్లది కావచ్చు. స్థానిక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం, పోలీసు అని పాఠంలో బట్టీపట్టిన ముక్కలకు అప్పుడు ఒక్కో గది, ఒక్కో కుర్చీ కనబడతాయి. స్పీడ్ బ్రేకర్ వేయించాలని అందరూ తేల్చుకున్నాక, ‘అంబులెన్స్ వస్తే?’ అని వెనక బెంచీ నుంచి ఎవరో అంటారు. క్లాసు రెండుగా చీలుతుంది. అలా చీలనివ్వాలి. నిన్నటిదాకా ఒకే మాట మీదున్న స్నేహితుడు ఇవాళ అటువైపు కూర్చున్నాడు, రేపు మళ్లీ పక్కనే కూర్చుంటాడు. ఈ అలవాటును ఏ ఉపన్యాసమూ నేర్పలేదు.

ఆ తర్వాత వినతిపత్రం. ‘తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన’ అని మొదలుపెడతారు, పెద్దవాళ్ల నుంచి అబ్బిన భాష అది. ఏ చర్య, ఎవరు, ఎప్పటిలోగా అని టీచర్ మూడు ప్రశ్నలు వేస్తే చాలు, కాగితం మారిపోతుంది. జవాబు మాత్రం త్వరగా రాదు. ఆఫీసులకు విద్యా సంవత్సరంతో పనిలేదు, పరీక్షలు వచ్చేస్తాయి, క్లాసు మారిపోతుంది. ఇలాంటి ప్రయత్నాలు చల్లారిపోయేది చాలాసార్లు ఇక్కడే. ఆ ఫైలును కింది క్లాసుకు అప్పగించే ఏర్పాటు ముందే ఉండాలి. పిల్లలకు ఓపిక లేదంటాం గానీ, ఓపిక పట్టడానికి వాళ్ల చేతిలో మనం ఏం పెట్టాం?

నిజమైన డబ్బు అప్పగిస్తే ఏమవుతుందో అమెరికాలోని బోస్టన్ నగరం చూసింది. 2014లో నగర బడ్జెట్‌లోంచి 10 లక్షల డాలర్లు పక్కనపెట్టి, ఎలా ఖర్చుపెట్టాలో 12 నుంచి 25 ఏళ్ల వాళ్లనే ఓటేసి తేల్చమంది. ఒక షరతు పెట్టింది: అది నిర్మాణాలు, పరికరాల వంటి వాటికి కేటాయించే పెట్టుబడి సొమ్ము, జీతాలకు వాడకూడదు. నాకు ఆ షరతే ముచ్చటగా అనిపిస్తుంది. కోరికకూ, నిబంధనకు లోబడిన ప్రతిపాదనకూ తేడా ఏమిటో పుస్తకం తెరవకుండానే అర్థమవుతుంది.

‘పిల్లలకు రాజకీయాలెందుకు?’ అనే తల్లిదండ్రుల టెన్షన్‌ను కొట్టిపారేయలేం. టీచర్ తన పార్టీని క్లాసులోకి తెస్తే అది పాఠం కాదు, ప్రచారం. అందుకే సమస్యను ఎంచుకునేది పిల్లలే కావాలి. వ్యతిరేకించే వాళ్లతో కూడా వాళ్లు వెళ్లి మాట్లాడి రావాలి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణ కూడా పిల్లల మాటే నెగ్గాలని అనలేదు. వాళ్లకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం వినాలి, వయసును, పరిణతిని బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలి అంది.

విలువ ఇవ్వడమంటే ఏమిటో పోలండ్ డాక్టరు యానుష్ కోర్చాక్ చేసి చూపించారు. వార్సాలో ఆయన నడిపిన అనాథాశ్రమంలో పిల్లల కోర్టు ఉండేది. జడ్జీలు పిల్లలే. నిబంధనల్లో శిక్షించేవాటి కంటే క్షమించేవే ఎక్కువ. పెద్దవాళ్ల మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు, కోర్చాక్ స్వయంగా ఆ కోర్టు ముందు నిలబడ్డారు కూడా.

ఏ హెడ్మాస్టరునూ అంతదూరం వెళ్లమనడం లేదు. ఫలానా నాలుగు విషయాలు మీ చేతిలో ఉన్నాయి, ఫలానావి లేవు అని ఏడాది మొదట్లోనే విద్యార్థి సంఘానికి చెప్పేయొచ్చు. లైబ్రరీకి ఏ పుస్తకాలు కొనాలి, ఆటస్థలం ఏ రోజు ఎవరికి లాంటివి ఇచ్చినా చాలు. మిగతావాటి మీద వాళ్లు ఏం రాసిచ్చినా రెండు వారాల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. జవాబు ‘కుదరదు’ అయితే, ఎందుకు కుదరదో కూడా ఆ కాగితం మీదే ఉండాలి, కింద సంతకంతో.