టోకెన్ మాటే నమ్మితే ఎలా?

విశాఖకు రాబోయే డేటా సెంటర్ల లెక్కలు రోజూ పేపర్లలో చూస్తున్నాం. రుషికొండ, మధురవాడల్లో ఇప్పటికే తయారవుతున్న చిన్నాచితకా యాప్‌ల భద్రత గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

వాటిలో చాలావాటికి లాగిన్ నడిపేది జేడబ్ల్యూటీ (జేసన్ వెబ్ టోకెన్) అనే డిజిటల్ గుర్తింపు చీటీ. పాస్‌వర్డ్ ఒకసారి కొడితే సర్వర్ సంతకం చేసి టోకెన్ ఇస్తుంది, ఆపైన ఫోన్ ప్రతిసారీ దాన్నే చూపిస్తుంది. చుక్కలతో విడదీసిన మూడు ముక్కలది. మొదటి ముక్కలో సంతకం ఏ పద్ధతిలో చేశారో ఉంటుంది. రెండోదాంట్లో మీరెవరు, అడ్మినా కాదా అన్న వివరాలు. మూడోది సంతకం.

గొడవంతా మొదటి ముక్కతోనే. చాలా లైబ్రరీలు (యాప్‌లలో వాడుకునే రెడీమేడ్ కోడ్) సంతకాన్ని ఎలా సరిచూడాలో టోకెన్‌నే అడుగుతున్నాయని 2015లో భద్రతా పరిశోధకుడు టిమ్ మెక్‌లీన్ బయటపెట్టాడు. పద్ధతి దగ్గర 'నన్' (ఏదీ లేదు) అని రాసి సంతకం ఖాళీగా వదిలేసినా కొన్ని లోపలికి రానిచ్చాయి. టికెట్ చెక్ చేయాలా వద్దా అని కండక్టరు ప్రయాణికుణ్ణే అడిగినట్టు! ఇంకో దారి మరీ తెలివైనది. ఆర్‌ఎస్256 అనే సంతకం పద్ధతిలో సంతకానికి రహస్య కీ, సరిచూడడానికి అందరికీ తెలిసిన పబ్లిక్ కీ వాడతారు. హెచ్‌ఎస్256లోనైతే రెండు పనులకీ ఒకే రహస్య కీ. దొంగ టోకెన్‌లో పద్ధతిని హెచ్‌ఎస్256 అని మార్చేస్తే, లైబ్రరీ ఆ పబ్లిక్ కీనే రహస్యం అనుకుంటుంది. అది దొంగ దగ్గరా ఉంది కాబట్టి సంతకం వాడే చేసేసుకుంటాడు.

ఏ పద్ధతులు ఒప్పుకోవాలో యాప్ ముందే చెప్పేయాలి, టోకెన్ మాట వినకూడదు. 2020లో ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ ఇచ్చిన సూచనల్లో ఇదీ ఉంది. కోడ్‌లో ఒక్క లైను పని.

అయినా లైబ్రరీల పాత వెర్షన్లు ఎందుకు మిగిలిపోతున్నాయి? "పనిచేస్తోంది కదా, కదపకు" అంటారు. ఆ భయాన్ని తీసిపారేయలేం. 2022 డిసెంబరులో వచ్చిన జేసన్‌వెబ్‌టోకెన్ అనే లైబ్రరీ 9వ వెర్షన్, ఆర్‌ఎస్256లో వాడే ఆర్‌ఎస్‌ఏ కీలు 2048 బిట్ల కన్నా చిన్నవైతే మామూలుగా ఒప్పుకోదు. అలాంటి పాత కీతో నడిచే యాప్‌ని సోమవారం పొద్దున అప్‌డేట్ చేస్తే లాగిన్లు ఆగిపోతాయి, ఫోన్లు మోగుతాయి, తిట్లు డెవలపర్‌కి. పైగా ఆ వెర్షన్‌తో పాటే హడావిడి చేసిన ఒక సీవీఈని (అధికారికంగా నమోదైన భద్రతా లోపం) నెల తిరిగేసరికి ఉపసంహరించుకున్నారు. ఇలాంటివి రెండు చూశాక హెచ్చరికలంటే లెక్కలేకుండా పోతుంది.

సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోగా తమకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. సరే, తెలిసేదెలా? దొంగ టోకెన్‌తో వచ్చినవాడు లాగ్‌లో మామూలు అడ్మిన్‌లాగే కనిపిస్తాడు. తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలుండవు, అలారం మోగదు.

అందుకే నా దృష్టిలో అసలు లోపం ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితంలో ఉంది. సర్వర్ ఆగితే ఎవరు చూడాలో రాసుకుంటారు, లైబ్రరీల అప్‌డేట్ గురించి రాసుకోరు. ఆసుపత్రికో కోచింగ్ సెంటర్‌కో యాప్ చేసిచ్చే కంపెనీ ఆ పనికి నెలకిన్ని గంటలని కొటేషన్‌లోనే విడిగా చూపించాలి. కొనేవాళ్లు బేరమాడేటప్పుడు ముందుగా కొట్టేసేది ఆ లైను కాకుండా చూసుకోవాలి.