సవరణ: బెర్లిన్ కుల్టూర్‌బ్రావరై గురించి

బెర్లిన్‌లోని కుల్టూర్‌బ్రావరై ఒకప్పుడు బీరు ఫ్యాక్టరీ, ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం. దాని గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

బెర్లిన్ గోడ కూలాక, అంటే 1990లో, అక్కడ బీరు తయారీ ఆగిపోయిందని రాశాను. కాదు, 1967లోనే ఆగింది. అది తూర్పు జర్మనీ కాలం. 1974లో ఆ ఆవరణను రక్షిత కట్టడంగా ప్రకటించారు. గోడ కూలడానికి, బట్టీలు చల్లారడానికి సంబంధమే లేదు. కథకు బాగుందని నేనే ముడిపెట్టేశాను.

రెండోది, ఆ బీరు కంపెనీ పెట్టింది షుల్‌థైస్ అన్నాను. 1842లో మొదలుపెట్టింది ప్రెల్ అనే ఆయన. యోబ్స్ట్ షుల్‌థైస్ 1853లో కొన్నాడు, పేరు మాత్రం ఆయనదే నిలిచిపోయింది. ఇప్పుడు కనిపించే పసుపు ఇటుకల భవనాలు ఆ తర్వాతివి. వాటి నమూనా గీసింది ఫ్రాంజ్ ష్వెఖ్టెన్ అనే వాస్తుశిల్పి. బెర్లిన్‌లో బాంబులకు సగం కూలి, అలాగే నిలబెట్టిన కైజర్ విల్‌హెల్మ్ చర్చి కూడా ఆయనదే. బురుజులు చూస్తే బీరు ఫ్యాక్టరీలా కాదు, కోటలా ఉంటుంది.

మిగతాదంతా సరైనదే. బాయిలర్ల గదిలో, యంత్రాల గదిలో ఇప్పుడు కచేరీలు జరుగుతాయి. పేర్లు మాత్రం మార్చలేదు, టికెట్ మీద ఇప్పటికీ ‘కెసెల్‌హౌస్’ అనే ఉంటుంది. అంటే బాయిలర్ల ఇల్లు. అదే ఆవరణలో తూర్పు జర్మనీ రోజువారీ జీవితం మీద మ్యూజియం కూడా ఉంది.

పాత పోస్టులోనూ దిద్దాను.