పదో నంబరు హైవే మీద వేలు విడిచిన మేనత్త

చుట్టరికాన్ని కొలవడానికి మన పెద్దలు తరాలు లెక్కపెట్టేవారు. ఆ పద్ధతికి కాలం చెల్లింది. అమెరికా తెలుగువారికి ఇప్పుడు చుట్టరికాన్ని కొలిచేది మైళ్ళలోనే. విజయవాడలో మనకు రెండు వీధుల అవతల ఏళ్ళ తరబడి కాపురమున్నా, పెళ్ళి పందిట్లో తప్ప పలకరించుకోని వేలు విడిచిన మేనత్త ఒకరుంటారు. ఆవిడ అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఇల్లు కొనుక్కున్న మరుక్షణం సొంత మేనత్త అయిపోతుంది. లాస్ ఏంజెలెస్ నుంచి ఫీనిక్స్‌కు సుమారు 370 మైళ్ళు. అక్కడి నుంచి డాలస్‌కు ఇంకో వెయ్యి మైళ్ళ పైచిలుకు. చుట్టూ సోనోరన్ ఎడారి. రాత్రికి పడక అవసరమైన చోట రక్తసంబంధం దానంతట అదే చిక్కబడుతుందన్నది నా సిద్ధాంతం. విశ్వవిద్యాలయాలు దీనిమీద ఇంకా దృష్టి పెట్టకపోవడం విచారకరం.

హైదరాబాదులోనైతే "ట్రాఫిక్‌లో చిక్కుకున్నాం అత్తయ్యా, ఈసారి తప్పకుండా వస్తాం" అని తప్పుకోవచ్చు. ఎడారిలో ఆ వెసులుబాటు లేదు. పదో నంబరు హైవే కాలిఫోర్నియా సరిహద్దులోని బ్లైత్ దగ్గర కొలరాడో నదిని దాటి, తిన్నగా ఫీనిక్స్ నగరం మధ్య నుంచే పోతుంది. మీరు ఆ దారినే వెళ్తున్న సంగతి మీకన్నా ముందు కుటుంబ వాట్సాప్ గ్రూపుకు తెలుసు. "మేం చచ్చామనుకున్నారా హోటల్లో దిగడానికి?" అన్న ప్రశ్న ఆ క్షణమే వెలువడుతుంది. "అయ్యో, మీకు శ్రమ ఎందుకని..." అంటూ మనం నసుగుతాం. హోటల్ ధర కనుక్కున్న పాపాన కూడా పోలేదన్నది ఇరుపక్షాలకూ తెలిసిన రహస్యం.

ఇక్కడ కాలం గురించి ఒక మాట చెప్పాలి. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారుస్తాయి. అరిజోనా 1968 నుంచి ఆ పని మానేసింది. అక్కడి ఆదివాసులైన నవాహో జాతి ప్రాంతంలో మాత్రం మారుస్తారు. అందువల్ల అరిజోనా వేసవిలో కాలిఫోర్నియాతో సమానంగా, చలికాలంలో గంట ముందు నడుస్తుంది. అత్తయ్యగారి ఇల్లు ఈ రెండు లెక్కలకూ అతీతం. "అరగంట కూర్చుని వెళ్ళిపోతాం" అని కాలిఫోర్నియా సమయం ప్రకారం లోపలికి అడుగుపెట్టినవారు, మర్నాడు పెసరట్టు తిని బయటపడతారు.

లోపలికి వెళ్ళగానే మామయ్యగారు ఎండ గురించి చెబుతారు. ఫీనిక్స్‌లో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సెల్సియస్ లెక్కన 43కు, తగ్గలేదు. ఆయన దాన్ని తన సొంత విజయంగా చెప్పుకుంటారు. "అయితే ఇది పొడి ఎండ నాయనా, చెమట పట్టదు" అన్నది ఆ నగరవాసులందరి ఉమ్మడి సమర్థన. రెంటచింతల ఎండలకు తాళలేక చదువు పేరుతో పారిపోయి వచ్చిన మనిషి ఇలా అంటుంటే వినడానికి బాగుంటుంది. ఎండ ఎక్కువైనకొద్దీ అత్తయ్యగారికి ఉత్సాహం. ఆవిడ పెరట్లో పెట్టిన వడియాలు సాయంత్రానికల్లా గలగలమంటాయి. జూలైలో ఆ ఊరికి వచ్చినవాడే నిజమైన చుట్టమని నా అభిప్రాయం. జనవరిలో వచ్చేవాళ్ళు వాతావరణానికి బంధువులు.

తర్వాత ముందరి పెరడు చూడాలి. అక్కడ గడ్డి ఉండదు, గులకరాళ్ళు ఉంటాయి. వాటి మధ్య నిలువెత్తు సువారో కాక్టస్. దానికి చెయ్యి మొలవాలంటే యాభై నుంచి డెబ్బై అయిదేళ్ళు పట్టవచ్చు. మామయ్యగారు ఆ సంగతి చెప్పడానికి కూడా దాదాపు అంత సమయమే తీసుకుంటారు.

ఇంటివాళ్ళ పక్షాన కూడా మాట్లాడాలి, లేకపోతే మహాపాపం. గ్రాండ్ కాన్యన్ అక్కడికి సుమారు 230 మైళ్ళు. వచ్చిన ప్రతి చుట్టాన్నీ అక్కడికి తీసుకెళ్ళక తప్పదు. వాళ్ళు ఆ లోయ వైపు చూడటం మానేసి చాలాకాలమైంది. దానికి వీపు పెట్టి నిలబడి, మన ఫోటోలు తీయడమే వాళ్ళ వంతు.

సెలవు తీసుకునే ఘట్టంలో ఎడారి మన సంప్రదాయాన్ని గట్టిగా దెబ్బ తీసింది. చెప్పులు గుమ్మం బయట విడవడం మన ఆచారం, గుమ్మంలో నిలబడి ముప్పావుగంట మాట్లాడటం మన హక్కు. అయితే ఆ ఎండలో సిమెంటు మీద పూటంతా పడి ఉన్న చెప్పుల్లో కాలు పెట్టినవారెవరూ "వెళ్ళొస్తాం" అన్న మాట పూర్తిచేయలేరు. అందుకని వీడ్కోలు వేదికను గరాజ్‌లోకి మార్చారు. కారులో ఏసీ నడుస్తూ ఉంటుంది, అద్దం దించి ఉంటుంది, అసలు సంగతులన్నీ అప్పుడు బయటపడతాయి. బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇస్తారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో బయలుదేరిన ఒకే జాకెట్టు ముక్క ఫీనిక్స్, డాలస్ చూసుకుని మళ్ళీ ఫ్రీమాంట్ చేరుతుంది. దేశాన్ని దానంత బాగా చూసిన మనిషి మన కుటుంబాల్లో లేడు.

తిరుగు ప్రయాణంలో అత్తయ్య కుండీతో సహా కరివేపాకు మొక్క ఇస్తుంది. బ్లైత్ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ కేంద్రం ఉంది. మొక్కలు, పళ్ళు ఉన్నాయా అని అడుగుతారు. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే సిట్రస్ సిల్లిడ్ అనే పురుగు కరివేపాకు మీద కూడా పెరుగుతుంది కాబట్టి మొక్క ముందుకు సాగదు. ఆ ఏర్పాటు పట్ల నాకు అపార గౌరవం. నా బాధల్లా ఒక్కటే: నారింజ తోటలకున్న రక్షణ ప్రయాణికులకు లేదు. రెండు కిలోల ఆవకాయ, తమ్ముడి కోసం అడగకుండా ఇచ్చిన పెళ్ళి సంబంధం వివరాలు ఏ ప్రశ్నా లేకుండా సరిహద్దు దాటుతున్నాయి.

తూర్పుకు వెళ్ళేవారి కష్టం వేరు. ఫీనిక్స్ దాటాక వందకు పైచిలుకు మైళ్ళలో టూసాన్ వస్తుంది. అక్కడ పిన్ని ఉంటుంది. "వాళ్ళింట్లో రాత్రి ఉన్నారట కదా" అంటూ మొదలుపెట్టి, తన ఇంట్లో కాఫీతో సరిపెడతారా అన్న దగ్గరికి వస్తుంది. అరిజోనా ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకుని, ఫీనిక్స్‌లో భోజనం చేసిన ప్రయాణికులకు ధ్రువపత్రం ఇవ్వాలి. కేవలం భోజనమైందని రాస్తే చాలదు. గారెల సంఖ్య కూడా వేయాలి. లేకపోతే టూసాన్‌లో చెల్లదు.