తడిసినా దేవుడు చదువుకుంటాడులే

మా విచారణలో, అంటే మా క్యాథలిక్ చర్చి సంఘంలో, నన్ను సెక్రటరీ చేసింది భక్తి చూసి కాదు, ల్యాప్‌టాప్ చూసి. ఇంట్లో కూర్చోని బెంగళూరు కంపెనీకి పని చేస్తా కాబట్టి మా వీధి లెక్కలో నేను ఖాళీగా ఉన్నట్టే. ఒక ఆదివారం పూజ అయినాక ఫాదర్ గారు భుజం మీద చెయ్యేసి "నీకు టైపింగ్ వచ్చు కదా నాన్నా" అన్నారు, అంతే, ఆ చెయ్యి ఇప్పటిదాకా తియ్యలేదు.

సంగతేందంటే పోప్ ఫ్రాన్సిస్ గారు 2021లో సినడ్ అని ఒకటి మొదలుపెట్టినారు కదా, పైనుంచి చెప్పడమే కాదు, కింద ఉన్నోళ్ళు ఏమంటా ఉండారో కూడా వినాల, అందరూ కలిసి నడవాల అని. రోమ్‌లో ఆ సమావేశాలు 2024 అక్టోబర్‌లో అయిపోయినాయి గానీ అసలు పని విచారణల్లో జరగాలంట, అదంతా పోగేసుకోని 2028 అక్టోబర్‌లో మళ్ళీ రోమ్‌లోనే పెద్ద సభ. మధ్యలో 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్సిస్ గారు కాలం చేసినారు, మే నెలలో కొత్త పోప్‌గా లియో గారు వచ్చినారు, పని మాత్రం ఆగలా. ఆ నడక అట్లా నడిచి నడిచి జూన్‌కి చిత్తూరు చేరి నేరుగా మా ఇంటి తలుపు తట్టింది. వచ్చే అయిదేళ్ళు మన విచారణ ఊరికి ఏం సేవ చెయ్యాల అని జనాన్ని అడిగి, రిపోర్టు రాసి, కడపకి బిషప్ గారి ఆఫీసుకి పంపించాల. రాసేది ఎవరు? టైపింగ్ వచ్చినోడు.

జనాన్ని అడగడం అంటే మా దగ్గర అంత సులువు కాదు. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, వేలూరు ఇట్లా బస్సెక్కితే అట్లా దిగడమే, కాబట్టి పొద్దున 6 గంటల పూజ తమిళంలో, 8 గంటల పూజ తెలుగులో. ఆసుపత్రుల్లో పనిచేసే మలయాళీ నర్సులు ఏ పూజకైనా వస్తారు గానీ జపమాల మాత్రం వాళ్ళ భాషలోనే తిప్పుతారు. బిల్డింగు పనులకొచ్చిన జార్ఖండ్ పిల్లోళ్ళు వెనక బెంచీలో కూర్చోని అన్ని పాటలకీ చప్పట్లు కొడతారు, చప్పట్లకి భాష లేదు కదా. ఒక్క విషయంలోనే అందరిదీ ఒకటే అలవాటు, గోడకి అంటించిన నోటీసు ఎవురూ చదవరు. ఈ ముక్క నాకు అప్పుడే తెలిసుంటే ఇంత రాసే పని ఉండేది కాదు.

ఫాదర్ గారు సూచనల పెట్టె ఒకటి పెడదాం అన్నారు. మాకు అప్పటికే గుడిలో ఒక పెట్టె ఉంది, పునీత అంతోనివారి (సెయింట్ ఆంథోనీ) స్వరూపం కాళ్ళ దగ్గర, మనవుల పెట్టె. మంగళవారం సాయంత్రం అంతోనివారి నవదిన ప్రార్థనలో ఆ చీటీలు పైకి చదువుతారు, జనం "ప్రభువా, మా మనవి ఆలకించండి" అంటారు. నేను సంతపేటలో కార్పెంటర్‌ని పట్టుకోని అచ్చం అట్లాంటిదే ఇంకోటి చేయించినా, అదే సైజు, అదే నీలం రంగు, జతగా ఉంటే అందంగా ఉంటుందని. అందం అనేది మా వంశంలో ఎవురికీ కలిసిరాలేదు, అది వేరే కథ.

ఆదివారం రెండు పూజల్లోనూ ఫాదర్ గారు చెప్పినారు, సూచనల పెట్టె గుమ్మం పక్కన ఉంది, అందరూ చీటీలు వెయ్యండి అని. చెప్పినట్టే పెట్టినా. సోమవారం పొద్దున్నే వాన. మామిడికాయల టైములో మాకు ఈదురుగాలితో పడే వాన ఎట్లుంటుందంటే పక్కనుంచి కూడా పడుతుంది. గుమ్మం దగ్గర జల్లు కొడతా ఉంది. నాకు భయమేసింది, ఇది రోమ్ దాకా పోవాల్సిన కాగితం, ఇక్కడే తడిసిపోతే? అప్పుడు నా బుర్ర ఒక పని చేసింది, దాని బతుక్కి అదే పెద్ద పని. సూచనల పెట్టె తీసుకెళ్ళి అంతోనివారి కాళ్ళ దగ్గర పొడిగా పెట్టి, మనవుల పెట్టె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేసినా. మనవులు తడిసినా దేవుడు చదువుకుంటాడు, బిషప్ గారు చదవలేరు కదా. నాలుగు భాషల్లో లేబుళ్ళు ప్రింటు తీసి రెండిటికీ కొత్తగా అంటించినా కూడా. ఫాదర్ గారికి చెప్పాలనుకున్నా, ఇంతలో ఆఫీసు కాల్ వచ్చింది, మర్చిపోయినా.

మంగళవారం. జూన్ 13న అంతోనివారి పండగ, దానికి ముందు మంగళవారం కాబట్టి గుడి నిండా జనం, గ్రీమ్స్‌పేట నుంచి ఒకరు, మురకంబట్టు నుంచి ఒకరు షేర్ ఆటోల్లో దిగతానే ఉన్నారు. అదే టైముకి పక్కన హాల్లో మా ప్లానింగ్ కమిటీ. రిటైరైన హెడ్మాస్టర్ తాత, తమిళ పూజకు పెద్దగా ఉండే ఇంకో తాత, మలయాళీ నర్సు ఒకామె, ఆమెను అందరం చేచీ అంటాం, ఒక సిస్టర్, నేను, ఒక పళ్ళెం నిండా మైసూరు బోండాలు. హెడ్మాస్టర్ తాత అలవాటుగా మొదలుపెట్టినాడు, శ్రీసభ చట్టం, అంటే క్యాథలిక్ చర్చి చట్టం, 1983 నాటిది, అందులో 536వ నిబంధన ప్రకారం మన మండలి సలహా ఇవ్వచ్చు గానీ నిర్ణయం ఫాదర్ గారిదే అని. ప్రతి మీటింగ్‌లోనూ ఇది చెప్తాడు, బోండా పళ్ళెం తన వైపు లాక్కుంటా చెప్తాడు.

గోడకి చార్టు అంటించినాం, యువత, కుటుంబం, ఆరోగ్యం, రైతులు కూలీలు అని గళ్ళు గీసి. నేను అంతోనివారి దగ్గర నుంచి పెట్టె తెచ్చి తాళం తీసినా. నిండుగా చీటీలు! రెండు రోజుల్లో ఇంత స్పందనా అని సిస్టర్ కళ్ళలో నీళ్ళు తిరిగినాయి.

మొదటి చీటీ: మావాడికి ఉద్యోగం రావాల. హెడ్మాస్టర్ తాత స్కెచ్ పెన్‌తో యువత కింద రాసినాడు, ఉపాధి శిక్షణ. రెండోది: తోతాపురి కాయలు కిలోకు 12 రూపాయలైనా పలకాల. రైతులు. మూడోది: స్కూలు ఫీజు కట్టే దారి చూపించు. "చూపించు అని ఏకవచనంలో రాసినారే, చనువు" అన్నాడు తాత, అయినా రాసుకున్నాడు. నాలుగోది: మా ఆయన తాగుడు మానెయ్యాల. ఆరోగ్యం కింద, మద్యవిముక్తి. అబ్బా, జనం ఎంత సూటిగా చెప్పినారు, ఇట్లాంటి మీటింగ్ నేను జన్మలో చూళ్ళేదు అనుకున్నా.

అయిదోది: పక్కింటామె నోరు పడిపోవాల.

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "దీన్ని దేని కింద రాసేది?" అన్నాడు తాత. సిస్టర్ కాసేపు ఆలోచించి, ఇరుగుపొరుగు సయోధ్య అని కొత్త గడి గీయించింది. తర్వాత తమిళ చీటీ ఒకటి, తమిళ తాత చదివి "అల్లుడు బండి అమ్మేసి దుబాయ్ పోవాలంటప్పా" అన్నాడు. వలస కార్మికుల సంక్షేమం. ఆ తర్వాత చీటీ పాల కార్డు వెనకవైపు రాసిందే, ఆ అక్షరాలు నాకు బాగా తెలుసు, మా ఇంట్లో పాల లెక్క ఆ అక్షరాల్లోనే ఉంటుంది. హెడ్మాస్టర్ తాత కళ్ళజోడు సర్దుకోని గట్టిగా చదివినాడు, "మావాడు ఒక పని చేయమంటే రెండు పనులు చెడగొట్టుకోని వస్తాడు, వానికి రొంత బుద్ధి ప్రసాదించండి, పెళ్ళి తర్వాత సంగతి." యువత కింద రాసినారు. వ్యక్తిత్వ వికాసం అని.

మా అమ్మకి సూచనలకీ మనవులకీ తేడా తెలియలేదేమో పాపం అనుకున్నా చూడండి, అప్పటికీ నాకు వెలగలా.

వెలిగించింది చేచి. మలయాళం చీటీ ఒకటి వస్తే ఆమెకే ఇచ్చినాం చదవమని. విప్పింది, చూసింది, మళ్ళీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకుంది. "ఇది నాది," అంది, "నేను అంతోనివారికి వేసినది, ఇక్కడికి ఎట్లా వచ్చింది?"

జనం లేబుల్ చూడలా, చోటు చూసి వేసినారు. హాల్లో చప్పుడు లేదు. అప్పుడు వినపడింది గోడ మీద స్పీకర్ బాక్సులోంచి, గుడిలో మైకు.

మనవులు చదివే మా టీచరమ్మ గురించి రెండు మాటలు చెప్పాల. ఆమె చేతికి కరెంటు బిల్లు ఇచ్చినా ఆపకుండా చదివి "అని ప్రభువును వేడుకుందాం" అనే ముగిస్తుంది. చీటీలో ఏముందో ఆమె చూడదు, అక్షరాలు చూస్తుంది. ఆ గొంతు ఇప్పుడు స్పీకర్లో గంభీరంగా వస్తా ఉంది, "ఫాదర్ గారి ప్రసంగం అబ్రహాముతో మొదలై మోషే దగ్గరికి వచ్చేసరికే ఇడ్లీలు చల్లారిపోతున్నవి, పోప్ ఫ్రాన్సిస్ గారే 2024లో ఎనిమిది నిమిషాలు దాటవద్దు అన్నారు కావున, ఆ ప్రకారం జరగాలని ప్రభువును వేడుకుందాం!"

"ప్రభువా, మా మనవి ఆలకించండి!" ఆ మాట అంత భక్తిగా, అంత గట్టిగా, అన్ని భాషలవాళ్ళూ కలిసి అనడం మా విచారణలో అదే మొదటిసారి. సినడ్ అంటే ఇదేనేమో.

నేను పరిగెత్తినా. హాలుకీ గుడికీ మధ్య యాభై అడుగులు కూడా ఉండవు, ఆ లోపల ఇంకో రెండు మనవులు దేవుడి దగ్గరికి పోయినాయి. "తమిళ పూజ 6 గంటలకి కాకుండా 8 గంటలకి మార్చాలని", దీనికి సగం గుడి అరిచింది, సగం గుడి పెదాలు కదపలా. "కీబోర్డు వాయించే అబ్బాయి సౌండు తగ్గించాలని", దీనికి గాయక బృందం తప్ప అందరూ. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఫాదర్ గారు పీఠం పక్కన కుర్చీలో కళ్ళు మూసుకోని ఉన్నారు, ధ్యానమో ఇంకోటో నాకు తెలీదు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

నడిమి దారిలో ఒంగోని ఒంగోని మైకు దగ్గరికి పోయి "మేడం, ఆపండి, ఇవి వేరే చీటీలు" అని గుసగుసగా చెప్పినా. ఆమె మైకులోనే అనింది, "గమ్మున ఉండబ్బా, ఇంకా రొన్ని ఉండాయి, పెట్టెలో వేసినోళ్ళది చదవకపోతే పాపం రాదా." అని చేతిలోది చదివేసింది.

"మన విచారణ సెక్రటరీ మీటింగు విషయం ముందురోజు రాత్రి పదకొండు గంటలకి వాట్సాప్‌లో పెట్టే అలవాటు మానుకోవాలని ప్రభువును వేడుకుందాం."

నేను పీఠం ముందర నిలబడి ఉన్నా, జనం వైపు తిరిగి. మూడు నాలుగొందల మంది నన్నే చూస్తా, చేతులు జోడించి, "ప్రభువా, మా మనవి ఆలకించండి" అన్నారు. వెనక బెంచీ జార్ఖండ్ పిల్లోళ్ళు చప్పట్లు కూడా కొట్టినారు.

ఆశీర్వాదం అయినాక ఫాదర్ గారు ఏమీ అనలా. అదే భయం. హాల్లోకి వచ్చి పెట్టెలో మిగిలిన మనవులు విప్పొద్దని చెప్పి, తాళం వేయించి, తానే తీసుకెళ్ళి అంతోనివారి కాళ్ళ దగ్గర పెట్టొచ్చినారు. పోగొట్టుకున్నవి వెతికిచ్చే పునీతుడు ఆయన, ఆయన పెట్టెనే పోగొట్టిన ఘనత మాత్రం నాది. తర్వాత చార్టు ముందర చేతులు కట్టుకోని నిలబడినారు చాలాసేపు. మేము అప్పటికి ఇరవై చీటీలన్నా ఎక్కించేసినాం. తాగుడు, ఉద్యోగం, ఫీజులు, అప్పు, మళ్ళీ తాగుడు, మందుల ఖర్చు, మళ్ళీ తాగుడు. ఇంకో చేతిలో టీచరమ్మ ఇచ్చిన చీటీలు, వాటిల్లో కీబోర్డు, పార్కింగు, పూజ టైము, ప్రసంగం టైము.

"పేర్లేమీ లేవు కదా దీంట్లో?" అన్నారు చార్టు చూపించి.

లేవు ఫాదర్ అన్నాం.

"ఇదే టైపు చేసి పంపించు కడపకి. పక్కింటామెది, అల్లుడిది కొట్టెయ్." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగినారు. "ఆ ఎనిమిది నిమిషాలది రాసింది ఎవరో తెలుసా నీకు?"

తెలీదన్నా. హెడ్మాస్టర్ తాత బోండా తింటా గోడ వైపు చూస్తా ఉండాడు.

ఆ ఆదివారం ఫాదర్ గారి ప్రసంగం పదకొండు నిమిషాలు, అబ్రహాము ఊసే లేదు, నేరుగా మోషే. పూజ అయినాక ముసలమ్మలంతా అంతోనివారి దగ్గర కొవ్వొత్తులు వెలిగించినారు, వేసిన వారానికే విన్నాడు తండ్రి అని. ఇప్పుడు పార్కింగు గురించైనా ఫ్యాన్ల గురించైనా కమిటీకి ఎవురూ చెప్పరు, నేరుగా ఆ పెట్టెలోనే వేస్తారు. గుమ్మం దగ్గర సూచనల పెట్టెలో మొన్న చూస్తే ఒక బస్సు టికెట్టు, రెండు చాక్లెట్ కాగితాలు.

ఇంటికి పోయినాక మా అమ్మ అన్నం పెడతా అడిగింది, "ఆ పొద్దు మా చీటీ చదివినారా, నాకు గుడిలో వినపడలేదు?"

"చదివినార్లేమ్మా, హాల్లో చదివినారు, యువత కింద రాసినారు."

"యాడ రాస్తే ఏముందిలే," అనింది, "మళ్ళీ మంగళవారం ఇంకోటి వేస్తా."