సైకాలజీ డిగ్రీకి మన ఊళ్లలో అనుభవం దొరకదా? ఆ మెసేజ్‌కి నా జవాబు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ... దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ప్లస్ టూ ఫలితాలు వచ్చే రోజుల్లో మళ్లీ పైకి వస్తుంది. అందులో ఉన్నది ఇదీ: "సైకాలజీ డిగ్రీకి ఎం.ఫిల్ అయ్యేదాకా పని ఉండదు. ఆసుపత్రి గుమ్మం ఎక్కనివ్వరు. అనుభవం కావాలంటే భువనేశ్వరో బెంగళూరో పోవాలి. స్తోమత లేకపోతే డబ్బు కట్టి ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, డిస్టెన్స్‌లో ఎంఏ కట్టేయండి. ఒడిశాలో ఉన్న తెలుగు పిల్లలకు ఇంతకు మించి దారి లేదు."

నేను కౌన్సెలింగ్ పనిలో ఉన్నదాన్ని. ఈ మెసేజ్ చూపించి "మా అమ్మాయిని ఈ సబ్జెక్ట్ మానిపించేద్దామా" అని అడిగే తల్లిదండ్రులు నాకు తరచూ కనిపిస్తారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఎం.ఫిల్ సంగతి. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు (ఎక్కువగా పీజీ తర్వాత చేసే ఎం.ఫిల్) చేసి అక్కడ రిజిస్టర్ కావాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ ఆ అర్హత రాసి ఉంది. అంతవరకు మెసేజ్‌లో తప్పు లేదు. తప్పల్లా ఆ ఒక్క హోదానే మొత్తం రంగం అనుకోవడంలో ఉంది. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం జాబితా తీసి చూడండి. సైకాలజిస్టులతో పాటు హెచ్‌ఐవీ కౌన్సెలర్లు, కుటుంబ నియంత్రణ కౌన్సెలర్లు, మెంటల్ హెల్త్ సపోర్ట్ వర్కర్లు అందులో ఉన్నారు. పైగా ఆ ఎం.ఫిల్ కూడా ఇప్పుడు మారిపోతోంది. 2022లో యూజీసీ ఎం.ఫిల్‌ని ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 అడ్మిషన్ల దాకా గడువిచ్చింది. ఇప్పుడు డిగ్రీలో చేరే పిల్ల దాన్నే లెక్కలో పెట్టుకుంటే ఆమె చేతికి అందేసరికి ఆ కోర్సు ఉండదు. ప్రస్తుతం ఏ కోర్సులకు గుర్తింపు ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

"గుమ్మం ఎక్కనివ్వరు" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అనుభవం అనగానే ఎదురుగా పేషెంట్‌ని కూర్చోబెట్టుకుని థెరపీ ఇవ్వడమే అని చాలామంది అనుకుంటున్నారు. డిగ్రీ పిల్లలకు అది ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. దొరికేది వేరే పని, అదే అసలు పునాది. సైకియాట్రీ ఓపీలో ఒక పొద్దు ఎలా గడుస్తుందో చెబుతాను. ఒకామె భర్తతో వస్తుంది. గుండె దడ, తల భారం, ఒళ్లంతా మంటలు అంటుంది. ఇంకేమడిగినా భర్తే జవాబు చెబుతాడు. అక్కడ ట్రైనీగా ఉన్న అమ్మాయి చేయాల్సినవి చిన్న పనులే. "అన్నా, మీరు కాసేపు బయట కూర్చోండి, మళ్లీ పిలుస్తాం" అని మర్యాదగా చెప్పాలి. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఎప్పటి నుంచి అని అడిగి, ఆమె మాటల్లోనే రాసుకోవాలి. పీహెచ్‌క్యూ-9 అని కుంగుబాటును అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది. గత రెండు వారాల సంగతి అడుగుతుంది, గరిష్ఠ స్కోరు 27. అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచన వచ్చిందా అని. దానికి "అప్పుడప్పుడు" అని జవాబు వచ్చినా సరే, ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. సాయంత్రం స్కోర్లు కూడేటప్పుడు చూద్దామనుకోకూడదు. తరగతిలో ఇది పరీక్షకు వచ్చే ప్రశ్న. ఓపీలో ఎదురుగా మనిషి ఉంటుంది. ఈ తేడా తెలియడాన్నే నేను అనుభవం అంటాను.

అనుమతి అడిగే చోటు కూడా తెలియాలి. ఊరికే వెళ్లి వార్డులో నిలబడితే ఎవరైనా పొమ్మంటారు, అది న్యాయమే. కాలేజీ లెటర్‌తో జిల్లా ముఖ్య వైద్యాధికారి (సిడిఎంఓ) ఆఫీసుకో, సైకియాట్రీ విభాగాధిపతికో వెళ్లాలి. ఒకచోట కాదంటే ఇంకోచోట అడగాలి.

"భువనేశ్వరో బెంగళూరో పోవాలి" అన్నారు. పోగలిగినవాళ్లు పోవచ్చు, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట చదువు దొరికితే ఎవరు వద్దంటారు? కానీ ఇక్కడ ఏమీ లేదనడం మాత్రం అబద్ధం. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. ఇచ్ఛాపురం వైపు నుంచి తెలుగువాళ్లు బరంపురం ఆసుపత్రులకే వస్తారు. కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ 2017లో మొదలైంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచి నడుస్తోంది. కౌమార ఆరోగ్య కార్యక్రమం కింద పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల కోసం ఒడిశాలో శ్రద్ధా క్లినిక్‌లు ఉన్నాయి. హింసకు గురైన మహిళల కోసం సఖి కేంద్రాలు, ఎదుగుదల ఆలస్యమైన పిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్‌కూ పరీక్షకూ ఐసీటీసీ కేంద్రాలు ఉన్నాయి.

ఐసీటీసీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే బరంపురం ఉన్న గంజాం జిల్లా కథ అందులో ఉంది. ఇక్కడి మగవాళ్లు తరాలుగా సూరత్ మగ్గాల మీద పని చేస్తున్నారు. ఏడాదికోసారి ఇంటికి వచ్చే భర్త, ఇక్కడ ఒంటరిగా పిల్లల్ని సాకే భార్య. హెచ్‌ఐవీ భారం ఎక్కువున్న జిల్లాగా గంజాం పేరు అందుకే ముందునుంచీ వినిపిస్తోంది. పరీక్షకు ముందు ఏం చెప్పాలి, ఫలితం వచ్చాక ఎలా చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నవి అక్కడి కౌన్సెలర్ రోజూ చేసే పనులు. 2017 హెచ్‌ఐవీ చట్టం గోప్యతను చట్టబద్ధం చేసింది. అందుకే ఒక విద్యార్థిని ఆ గదిలో కూర్చోనివ్వరు, కూర్చోబెట్టమని అడగకూడదు. కానీ ఊళ్లో అవగాహన సభలు పెట్టే స్వచ్ఛంద సంస్థలకు మాట్లాడే పిల్లలు కావాలి, అక్కడ మొదలుపెట్టవచ్చు. కౌన్సెలర్ ఉద్యోగాలకు సాధారణంగా పీజీ వాళ్లకు ముందు చోటు. డిగ్రీతోనే వచ్చేవాళ్లను కొన్నేళ్ల పని అనుభవం అడుగుతారు. ఆ అనుభవం ఇలా కూడబెట్టుకున్నదే.

ఇంకొక మాట. తెలుగుతో పాటు ఒడియా మాట్లాడటం, సంతలో సవర, కువి లాంటి గిరిజన భాషలు వినడం మన పిల్లలకు మామూలు. బెంగళూరులో చదివొచ్చిన నిపుణుడికి అది రాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416ను 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టినప్పుడు ఇరవై భాషల్లో సేవలన్నారు. ఫోన్ ముందుగా ఎత్తేది శిక్షణ పొందిన కౌన్సెలర్లు, అవసరమైతే వాళ్లే నిపుణులకు కలుపుతారు. అలాంటి కుర్చీలో రెండు మూడు భాషలు వచ్చిన మనిషి విలువ వేరు. మన పిల్లలు దీన్ని బయోడేటాలో రాసుకోవడం కూడా మర్చిపోతున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

నాకు కోపం తెప్పించేది సర్టిఫికెట్ సలహా. వారం రోజులు వీడియోలు చూపించి "క్లినికల్ ఇంటర్న్" అని కాగితం ఇచ్చే వ్యాపారం ఇప్పుడు బాగా నడుస్తోంది. కూలి చేసి చదివిస్తున్న ఇంటి నుంచి ఆ డబ్బు పోతుంది. ఇంటర్వ్యూలో "ఎవరి పర్యవేక్షణలో చేశావు, ఏం చూశావు" అని అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబు ఉండదు. డబ్బు కట్టే ముందు మూడు విషయాలు అడగండి. పర్యవేక్షకులు ఎవరు? ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందంటే నంబర్ చెప్పమనండి, ఆ రిజిస్టర్‌లో సరిచూసుకోవచ్చు. మనుషులతో ఎన్ని గంటల పని? చివర్లో నా పని గురించి ఎవరు రాసిస్తారు? వీటికి తడబడితే కట్టకండి. ఆన్‌లైన్ కోర్సులన్నీ మోసం అనడం లేదు. పాఠం వేరు, పని అనుభవం వేరు అంటున్నాను.

డిస్టెన్స్ ఎంఏ మాట పూర్తిగా పాతబడింది. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆపేసింది. అంతకు ముందు చేరినవాళ్లు పూర్తి చేసుకోవచ్చు. కొత్తగా సీటు ఇప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే జాగ్రత్త.

మెసేజ్ రాసినవాళ్లు చెప్పని నిజం ఒకటుంది, అది నేను చెబుతాను. మొదట్లో చాలాచోట్ల డబ్బు ఇవ్వరు, బస్సు ఛార్జీ కూడా మనదే. గుణుపూర్ నుంచి రోజూ రాయగడ వెళ్లి రావడం అందరి వల్లా కాదు. అలాంటప్పుడు వారానికి ఒక్క రోజు చాలు, ఏడాదంతా మానకుండా వెళ్లండి. తేదీ, గంటలు, చేసిన పని, పర్యవేక్షకులు చెప్పిన దిద్దుబాటు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పేషెంట్ పేరు, ఊరు అందులో రాయకండి.

అనుమతి కోసం పెట్టే దరఖాస్తు ఒక్క పేజీ దాటక్కర్లేదు. ఏ సెమిస్టర్, వారంలో ఏ రోజు రాగలరు, పేషెంట్ వివరాలు బయట చెప్పనన్న హామీ, కింద మీ సైకాలజీ లెక్చరర్ సంతకం. మీకు వచ్చిన భాషలన్నీ పైనే రాయండి.